పారణ లేని పత్యం

తమ్ముడు: సత్యనారాయణ వ్రత కథలో కళావతి యాదికుందా అక్కా? మొగుడి పడవ వచ్చిందన్న ఆత్రంలో ప్రసాదం తినకుండా ఉరికింది, పడవ మునిగిపోయింది. ఆ కథంతా చేతిలో అక్షింతలు పట్టుకొని వింటావు. కథయ్యాక పంతులుగారు ప్రసాదం పెడితే కళ్లకద్దుకొని పక్కామె చేతిలో పెడతావు. పదకొండేళ్లుగా చూస్తున్నా. ఒక్క చెంచాడు గోధుమ రవ్వ. అందులో నెయ్యి, చక్కెర పోను మిగిలేదెంత? దానితో పోయేదేముంది?

అక్క: కళావతి మరిచిపోయి పోయింది తమ్మీ. నేను మరవలేదు గనకనే తినలేదు. మిగిలేదెంత అన్నావు గదా, లెక్క చెప్తా విను. గోధుమపిండిలో ఇంచుమించు పదోవంతు గ్లూటెన్ అనే మాంసకృత్తు. ముప్పై గ్రాముల పిండితో ఒక చపాతీ చేస్తే అందులో మూడు గ్రాములు, అంటే 3,000 మిల్లీగ్రాములు. నాలాగా సీలియాక్, అంటే గ్లూటెన్ పేగును దెబ్బతీసే జబ్బు, ఉన్నవాళ్లలో చాలామందికి రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు హాని చేయదంటారు. ఇటలీ డాక్టర్లు 2007లో అచ్చువేసిన పరిశోధనలో రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలిస్తే పేగు గోడ దెబ్బతిన్నది. ఆ చపాతీని 300 ముక్కలు చేశావనుకో, రోజుకు ఒక్క ముక్క పేగు ఓర్చుకుంటుంది, ఐదు ముక్కలకు ఓర్చుకోదు. నీ చెంచాడు ప్రసాదంలో ఎన్ని ముక్కలున్నాయో నువ్వే చూసుకో.

తమ్ముడు: ఆ ఐదు ముక్కలూ మూడు నెలలు రోజూ తింటే గదా. వ్రతం రోజూ చేసుకుంటామా? నా పేచీ లెక్కతో కాదక్కా, గడువుతో. మనవాళ్లకు పత్యం కొత్త కాదు. కామెర్లకు పత్యం ఉంది, బాలింతకు పత్యం ఉంది. ఏకాదశి ఉపవాసానికి ద్వాదశి పారణ ఉంది. అయ్యప్ప మాలకు 41 రోజులైతే విరమణ ఉంది. ఎంత కఠినమైన నియమమైనా ముందు గడువు చూపించి ఆ తర్వాతే మనిషి నెత్తిన పెట్టారు. నీ పత్యానికి పారణ లేదు. అట్లాంటి నియమాన్ని జనం ఎంత పాటిస్తారో పరిశోధకులే చూశారు. 2009లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ముందేసుకొని లెక్క తీస్తే, పెద్దవాళ్లలో కచ్చితంగా పాటించేవాళ్లు ఒకచోట నూటికి 42 మంది, ఇంకోచోట 91 మంది. కొన్నిచోట్ల సగానికి పైగా జనం తప్పుతున్నారంటే లోపం మనుషులదా, నియమానిదా?

అక్క: నీకు ఇంకా పాత సాక్షిని చూపిస్తా. 1888లో లండన్‌లో శామ్యూల్ గీ అనే డాక్టరు ఈ జబ్బు గురించి రాస్తూ ఒక పిల్లవాడి ముచ్చట చెప్పాడు. వాడు రోజూ దండిగా సముద్రపు ఆల్చిప్పలు తిని కోలుకున్నాడు. వాటి కాలం అయిపోయింది, జబ్బు తిరగబెట్టింది. మరుసటేడు ఆల్చిప్పలు మళ్లీ వచ్చాయి. ఎంత బతిమాలినా వాడు ముట్టలేదు. విసుగొచ్చింది వాడికి. ఆ విసుగు నిజమే, కాదనను. కానీ ఆ ముచ్చటలో ఇంకో సగం ఉంది. తిండి మారగానే జబ్బు తిరిగొచ్చింది. గోధుమే కారణమని తేల్చింది విల్లెమ్ డికే అనే డచ్చి పిల్లల డాక్టరు. 1944–45 చలికాలంలో హాలండ్‌లో యుద్ధం తెచ్చిన కరువు. ఊరంతా ఆకలితో అల్లాడుతుంటే రొట్టె దొరకని ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు, రొట్టె తిరిగి రాగానే మళ్లీ పడ్డారు. 1950లో ఆయన దాని మీద థీసిస్ రాశాడు. ఇప్పటిదాకా తిండి తప్ప వేరే మందు లేదు. మన బాపు ఇరవై ఏళ్లు బీపీ గోళీ వేసుకున్నాడు. దానికి పారణ ఎప్పుడని అడిగినామా?

తమ్ముడు: బీపీ గోళీ వేసుకునేటప్పుడు ఎవరూ చూడరక్కా. గుటుక్కున మింగితే అయిపోయింది. తిండి అట్లా కాదు, పదిమంది మధ్యన కూర్చొని తినేది. 2014లో అమెరికాలో రోగులనే అడిగారు, మీ వైద్యం మీకెంత బరువని. సీలియాక్ వాళ్లు చెప్పిన బరువు బీపీ వాళ్లు చెప్పినదాని కంటే ఎక్కువ. ఇంచుమించు డయాలసిస్ వాళ్లతో సమానం. వారానికి మూడు రోజులు మిషను పక్కన పడుకునే మనిషితో సమానమైన బరువును ‘చపాతీ మానేయడమే గదా’ అని తేలిక చేస్తారు. నువ్వు మోస్తున్నావు. అందరూ మోయగలరని ఎట్లా అంటావు?

అక్క: ఆ లెక్క రొట్టె తినే దేశానిది. పొద్దున రొట్టె, పగలు రొట్టె, రాత్రి నూడుల్స్ తినేవాళ్లకు గోధుమ మానడమంటే ఇల్లు విడిచి పోయినట్టే. మనకు అన్నం ఉంది. ఉగాది 2025 నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. జొన్నరొట్టె మన ఆదిలాబాద్ తిండి. మక్కగట్క ఉంది, సజ్జరొట్టె ఉంది. సంక్రాంతి సకినాలు బియ్యప్పిండి, నువ్వులు, వాము. సర్వపిండి కూడా బియ్యప్పిండే. ఢిల్లీలో ఈ జబ్బున్న మనిషి ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసిన ప్యాకెట్ కోసం నాలుగింతలు పెట్టి కొంటాడు. మన దగ్గర అమ్మ వండినదే గ్లూటెన్ లేని తిండి, దానికి ఆ పేరొక్కటే లేదు. ఈ పత్యం చేయడానికి దేశంలో మనకంటే మంచి తావు దొరుకుతుందా?

తమ్ముడు: తిండి ఉంది, తెలిసిన మనిషే లేడు. గిర్ని సంగతి నువ్వే చెప్పావు గదా. జొన్నలు తీసుకపోతే నీకంటే ముందు ఎవరిదో గోధుమ పట్టి ఉంటుంది. రాళ్ల మధ్య, గొట్టంలో, కింది డబ్బాలో ఆ పిండే. నీ జొన్నపిండి తెల్లగా వస్తే సంతోషపడాలా, భయపడాలా? పులిహోరలో బియ్యం మంచిదే, ఇంగువ డబ్బా మీద సన్న అక్షరాలు చదివితే మైదా. హోటల్లో ఇడ్లీ మంచిదే, సాంబారులో మళ్లీ అదే ఇంగువ. దోసె పిండిలో ఏం కలిపారో వంటమనిషికే తెలియాలి. పిల్లలకు బలమని కలిపే హార్లిక్స్‌లో గోధుమ, బార్లీ. ఇది నాకు పడదని చెప్తే సర్వరు ‘కారం తక్కువేయమంటారా సార్’ అని అడుగుతాడు. ఉత్తరాది హోటల్లో ఈ జబ్బు పేరు కొందరైనా విని ఉంటారు. ఇక్కడ డాక్టర్లకే అరుదు.

అక్క: అరుదుగా ఉండటానికి కారణం కూడా తిండే. 2016లో దేశంలో మూడు ప్రాంతాల్లో 23,331 మంది పెద్దవాళ్లను పరీక్షించిన అధ్యయనం వచ్చింది. ఉత్తరాదిలో వెయ్యికి ఎనిమిది, తొమ్మిది మందికి జబ్బుంది. దక్షిణాదిలో, వెల్లూరు దగ్గర, పదివేలకు ఒకరు. జన్యువులు చూస్తే అంత తేడా లేదు. ఈ జబ్బుకు తావిచ్చే జన్యువులు అక్కడ నూటికి 38 మందికి ఉంటే ఇక్కడ 36 మందికి ఉన్నాయి. తేడా కంచంలో. అక్కడ మనిషి రోజుకు తినే గోధుమ 455 గ్రాములు, ఇక్కడ 25. అది చదివిన రోజు నా బతుకే అచ్చేసినట్టు అనిపించింది. ఇరవై రెండేళ్లు బాసరలో అన్నం, జొన్నరొట్టె తిన్నా, ఏమీ కాలేదు. పెండ్లయి నాందేడ్‌లో కాపురం పెట్టాక రోజూ రెండుపూటలా చపాతీ. నాలుగేళ్లలో మనిషిని సగమయ్యా. రక్తం లేదన్నారు, ఐరన్ గోళీలిచ్చారు, మళ్లీ లేదన్నారు, మళ్లీ ఇచ్చారు. చపాతీ వల్లనే అని నేను రుజువు చేయలేను. కానీ గోదావరి మెట్ల మీద కాలు జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు పుల్లలా విరిగింది. నాకప్పుడు ముప్పై మూడేళ్లు. ఎముక పరీక్ష చేసి డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఎముకలన్నారు. ఆ తర్వాతే ఎవరికో పేగు మీద అనుమానం వచ్చింది.

తమ్ముడు: నీకు విరిగింది. నాకేం విరిగింది? నీకు తేలిందని ఇంట్లో అందరి రక్తం తీశారు, నాది పాజిటివ్ వచ్చింది. ఎండోస్కోపీలో పేగు నూగు అరిగిపోయిందన్నారు. నాకు కడుపునొప్పి లేదు, విరేచనం లేదు, నీరసం లేదు. ఊళ్లు తిరిగే పని నాది. పొద్దున భైంసాలో, మధ్యాహ్నం నిర్మల్‌లో, రాత్రి ఆర్మూర్‌లో. బస్టాండు దగ్గర పూరీ తిని బస్సెక్కేవాడిని. ఇప్పుడు అరటిపండ్లు పట్టుకొని తిరుగుతున్నా. జబ్బు నొప్పి పెట్టని మనిషికి వైద్యం నొప్పి పెడుతుంటే దాన్ని వైద్యం అని ఎట్లా అనాలి?

అక్క: నీలాంటివాళ్ల మీదే ఫిన్లండ్‌లో పరీక్ష జరిగింది, ఆ ఫలితాలూ 2014లోనే వచ్చాయి. ఏ లక్షణమూ లేదని చెప్పుకునే నలభై మందిని తీసుకున్నారు. సగం మంది గోధుమ మానేశారు, సగం మంది ఎప్పటిలా తిన్నారు. ఏడాది తర్వాత చూస్తే మానేసినవాళ్ల పేగు నూగు తిరిగి మొలిచింది. అంతే కాదు, తమకు లేవనుకున్న అజీర్ణం, పుల్లటి త్రేన్పులు, మనసులో గాబరా కూడా తగ్గాయి. నొప్పి లేదని నువ్వు అనుకుంటున్నావు, నీ కడుపు ఎప్పుడూ అట్లాగే ఉంది గనక. నొప్పి లేని కడుపు ఎట్లా ఉంటుందో నీకు తెలియదు.

తమ్ముడు: ఆ కాగితం నాకు పంపింది నువ్వే. చివరిదాకా చదివా. తేడా కనిపించిన వాటిల్లో మానేసినవాళ్లే మెరుగు, ఒక్కదాంట్లో తప్ప. నలుగురితో కలిసి మెలిగే విషయంలో మార్కులు గోధుమ తిన్నవాళ్లకే బాగా పెరిగాయి. ఆ ఒక్కటీ వదిలేసి చెప్తున్నావు.

అక్క: వదిలేశాను, నిజమే. అదే పరీక్షలో ఎవరూ ఈ ఏడాది మాకు చేటు చేసిందని అనలేదు, చాలామంది పత్యం ఇట్లాగే సాగిస్తామన్నారు. దాన్ని నువ్వూ వదిలేశావు. కానీ నీ మాట చిన్నది కాదు. చెప్పు.

తమ్ముడు: చెప్తా, బాధ పడొద్దు. మన ఊళ్లల్లో ఒకరి ఇంట్లో తినకపోవడానికి, ఒకరి గిన్నె ముట్టకపోవడానికి వందల ఏళ్లుగా ఒకటే అర్థం. నీ పెనం వేరు, నీ జల్లెడ వేరు, నీ చెక్కగరిటె వేరు, నీ పోపుడబ్బాలో ఇంకొకరి చెంచా పడకూడదు. మడి కట్టుకున్న ముసలమ్మకూ నీకూ తేడా నాకు తెలుసు. వాకిట్లో నిలబడిన మనిషికి తెలియదు. మన పొలానికి వచ్చే ఆమె బిడ్డ పెండ్లికి పోయి, ఆమె ప్రేమగా పెట్టిన విస్తరి ముందు కూర్చొని నువ్వు డబ్బా విప్పావు. ఆమె మొహం నేను చూశాను. నీ పేగు బాగుపడింది, ఆ పూట ఆమెలో ఏదో తెగింది. ఇది ఏ రక్తపరీక్షలోనూ కనిపించదు.

అక్క: ఆ మొహం నేనూ చూశాను తమ్మీ. మరునాడు పోయి గంటసేపు కూర్చొని చెప్పా. ఆమె విన్నది, ‘అట్లనా’ అన్నది. నమ్మిందో లేదో ఇప్పటికీ తెలియదు. మడి అడిగేది ఎవరు వండారని, నేను అడిగేది ఏం వండారని. ఆ తేడా నాకు కొండంత, ఆమెకు కనిపించకపోవడంలో ఆమె తప్పు లేదు. అందుకే ఇప్పుడు పద్ధతి మార్చా. పెండ్లికి ముందురోజే పోయి అన్నం, పప్పు పొయ్యి మీద నుంచి దించగానే నాకు ఒక గిన్నెలో తీసిపెట్టమని అడుగుతున్నా. వాళ్ల బియ్యం, వాళ్ల పొయ్యి, వాళ్ల చెయ్యి. డబ్బా తీసుకపోవడం తగ్గింది.

తమ్ముడు: అడిగితే తీసిపెడతారు. కానీ మనది బాసర. మధుకరం దీక్ష పట్టినవాళ్లు మన గడపల ముందుకే వస్తారు. 11 రోజులో 21 రోజులో 41 రోజులో అమ్మవారి దగ్గర ఉండి, మధ్యాహ్నం జోలె పట్టుకొని ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏం పెడితే అదే తింటారు. అన్నం పడుతుంది, దాని మీద చపాతీ పడుతుంది, ఇంకో ఇంటి ఉప్మా పడుతుంది. ఇదేంటని అడగకపోవడమే అక్కడి నియమం. జబ్బులున్నవాళ్లు నయం కావాలని వచ్చి అట్లా తింటారు. ‘ఇందులో ఏం కలిపారు’ అన్న ప్రశ్నను జోలెలో వేసి మూతి కట్టేస్తే మనసు ఎంత తేలికవుతుందో వాళ్ల మొహాలు చూస్తే తెలుస్తుంది. నువ్వు రోజుకు ఎన్నిసార్లు ఆ ప్రశ్న అడుగుతావో ఎప్పుడైనా లెక్కపెట్టుకున్నావా?

అక్క: లెక్కపెట్టలేదు. పెట్టాలంటే భయం. నిజం చెప్తున్నా, వాళ్ల జోలెలో అన్నం వేసేటప్పుడు నాకు ఈర్ష్యగా ఉంటుంది. నేను పెట్టగలను, పుచ్చుకోలేను. ఆ దీక్ష నేను ఈ జన్మలో పట్టలేను. కానీ 41వ నాడు వాళ్లు వాళ్ల ఇంటికి పోతారు. నాకు జోలె తీసేసే రోజు లేదని ఇందాక నువ్వే అన్నావు.

తమ్ముడు: అందుకే అంటున్నా, ఆ ప్రశ్నకైనా కొంచెం సెలవియ్యి. 2018లో కొలంబియా యూనివర్సిటీవాళ్లు చూశారు, ఈ పత్యంలో మరీ అతిజాగ్రత్తగా ఉండేవాళ్ల జీవితం కాస్త సడలింపు ఉన్నవాళ్ల కంటే బాధగా నడుస్తోంది. పోనీ అంత జాగ్రత్తకు ఫలితమైనా పూర్తిగా దక్కుతోందా? ఇంకో పరిశోధనలో కచ్చితంగా మానేశామని చెప్పేవాళ్ల తిండి, మూత్రం, మలం పదిరోజులు పరీక్షిస్తే, మూడింట రెండువంతుల మందిలో గ్లూటెన్ ఆనవాళ్లు దొరికాయి. వాళ్లకు తెలియకుండానే తింటున్నారు. చేరలేని శిఖరానికి మెట్లు కడుతూ కూర్చుంటావా?

అక్క: తెలియకుండా పడేది వేరు, తెలిసి వేసుకునేది వేరు. వానలో కొంగు తడుస్తుందని గోదాట్లో దూకుతామా? తెలియకుండానే అంత పడుతోందంటే, తెలిసి వేసుకోవడానికి ఇంక జాగా లేదన్నట్టు. అమెరికాలో మేయో క్లినిక్ లెక్క ప్రకారం పత్యం మొదలుపెట్టిన పెద్దవాళ్లలో రెండేళ్లకు పేగు పూర్తిగా మానింది నూటికి 34 మందికే, ఐదేళ్లకు 66 మందికి. పిల్లల పేగు తొందరగా మానుతుంది, మనది మొండికేస్తుంది. మానుతున్న పుండును నెలకోసారి గిల్లుతూ ఎందుకు మానలేదని అడగలేం గదా.

తమ్ముడు: నెలకోసారి చిటికెడు...

అక్క: ఆ మాట బాసరలో పుట్టినవాడు అనకూడదు. వ్యాసుడు గోదావరి నుంచి రోజూ మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి అమ్మవారిని చేశాడని చెప్పుకుంటాం. ఆ అమ్మవారి పసుపు చిటికెడు నాలుక మీద వేస్తే పిల్లలకు చదువు వస్తుందని దేశమంతా రైళ్లెక్కి వస్తోంది. మంచికి చిటికెడు చాలని నమ్మేవాళ్లం, చెడుకు మాత్రం చిటికెడు చాలదని వాదిస్తామా?

తమ్ముడు: మాటతో కొట్టావు, ఒప్పుకుంటా. కానీ నా పద్ధతి కూడా పద్ధతే. ఇంట్లో గోధుమ గింజ లేదు. నీ మరదలు, అదే నా పెండ్లాం, ఉప్మా కూడా బియ్యం రవ్వతోనే చేస్తోంది. పని మీద బయటికి పోయినప్పుడు మాత్రం కళ్లు తెరిచి తింటా, గొంతు విప్పి అడగను. ఏడాదికి నాలుగైదు సార్లు, పెద్ద పండుగకో దగ్గరివాళ్ల దావత్‌కో, తెలిసి తింటా. ఇట్లాగైతే ముప్పై ఏళ్లు చేయగలను. నీలాగా అయితే మూడేళ్లలో మొత్తం వదిలేస్తా, ఆల్చిప్పల పిల్లవాడిలా. నూటికి తొంభై పాళ్లు బతుకంతా చేయడం మంచిదా, నూటికి నూరు మూడేళ్లు చేయడమా?

అక్క: నువ్వు చెప్పినట్టు ఆ తొంభై తొంభైగానే నిలబడితే నా నోరు మూతపడుతుంది. నిలబడుతోందా లేదా చెప్పగలిగేది రక్తపరీక్ష. రెండేళ్లుగా ఎందుకు చేయించుకోవడం లేదు?

తమ్ముడు: తీరిక లేక.

అక్క: తీరిక లేకనా?

తమ్ముడు: సరే, భయంతో. ఇగ నువ్వు చెప్పు. ఈ పదకొండేళ్లలో తెలిసి ఒక్కసారి కూడా తప్పలేదా?

అక్క: ఒకసారి. అమ్మ పోయిన ఏడాది ఉగాదికి. లేవలేని మనిషి మంచం మీది నుంచే చెప్పి చేయించింది, బచ్చాలు. మైదా పూర్ణం మీద ఎంత పల్చగా సాగాలో వేలు చూపించి మరీ. నా జబ్బు సంగతి అప్పటికి ఆమె మరిచిపోయింది, చాలా మరిచిపోయింది. నోటికందించింది. రెండు తిన్నా. మూడు రోజులు పడుకున్నా. ఇంకోసారి అదే రోజు వస్తే ఇంకో రెండు తింటా. ఇది నా వాదానికి సాయం చేయదని తెలుసు.

తమ్ముడు: నా వాదానికి సాయం చేస్తుంది.

అక్క: చేయనీ. కానీ ఒక తేడా చూడు. నేను తినే ముందే ఖరీదు తెలుసుకొని, ఇచ్చి, తిన్నా. నీ ఏడాదికి నాలుగైదు సార్లకు ఖరీదు కనిపించదు, నీకు కడుపు నొప్పి రాదు గనక. నొప్పి లేకపోవడం నీకు మేలు అనుకుంటున్నావు. నాకైతే అది కాపలాకుక్క లేని ఇల్లులా కనిపిస్తుంది.

తమ్ముడు: ఖరీదు కనిపించదనే మాట నిజమే. కానీ కనిపించని ఖరీదుకు భయపడి కనిపించే బతుకును ఎంత కోసుకోవాలో ఎవరు తేల్చాలి? పేగులో పుట్టే కాన్సర్ గురించి చెప్తారు, అరుదని వాళ్లే అంటారు. ఎముక గుల్లబారుతుందంటారు, నాది ఇంకా బాగుంది. ఈ లెక్కలన్నీ వెయ్యి మందిని కలిపి తీసినవి. నేను ఒక్కణ్ణి.

అక్క: నువ్వు ఒక్కడివి కాదు. నీకో బిడ్డ ఉంది. వసంత పంచమికి అక్షరాభ్యాసం పెట్టుకున్నారు. అయిదేళ్లు నిండుతున్నాయి, మూడేళ్ల పిల్ల ఎత్తు కూడా లేదు. అంగన్‌వాడీలో బాలామృతం తిని పెరిగిన పిల్ల. మంచి పిండి అది, గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. ఎందరో పిల్లలకు అదే ఆధారం. మన ఇంటి పేగుకు మాత్రం అందులో మొదటి దినుసు దగ్గరే అడగాల్సి ఉంటుంది. పరీక్ష చేయించావా?

తమ్ముడు: జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు రావాలని లేదని నువ్వే అన్నావు. నూటికి 36 మందికి ఉన్న జన్యువు.

అక్క: అన్నాను. రావాలని లేదు. వచ్చిందో లేదో తెలియాలని మాత్రం ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల రక్తం చూడమనే చెప్తారు. ఎందుకు చేయించలేదు?

తమ్ముడు: చేయిస్తే, ఉందని తేలితే? ఆరేళ్లకు బడిలో పక్కపిల్ల డబ్బాలోంచి బిస్కెట్ తీసుకోకూడదని దానికి నేను చెప్పాలి. పుట్టినరోజుకు కేకు కోసి అందరికీ పంచి తను తినకూడదని చెప్పాలి. హాస్టల్లో చేరితే మెస్ వరుసలో నిలబడి అడగమని చెప్పాలి. నేను అడగలేని ప్రశ్న దాని నోట్లో పెట్టాలి. అందుకే పరీక్ష వద్దనుకున్నా. దసరా నుంచి దాని కంచంలో చపాతీ మాత్రం ఆపేశా.

అక్క: ఏమన్నావు?

తమ్ముడు: ఆపేశా. బిస్కెట్ కూడా. బ్రెడ్డు కూడా. కారణం ఎవరికీ చెప్పలేదు. పడదని అన్నా అంతే.

అక్క: తప్పు చేశావు తమ్మీ. గోధుమ మానేసిన పిల్ల రక్తంలో జబ్బు ఉన్నా కనిపించకుండా పోతుంది. లేదని కాగితం వస్తుంది, మనం నమ్ముతాం. పరీక్ష చేయాలంటే ముందు తినాలి. కనీసం ఆరు వారాలు, రోజూ, ఒక పూట కంటే ఎక్కువ. రేపటి నుంచి పెట్టు. పొద్దున ఒక చపాతీ, సాయంత్రం ఒకటి. పంచమి లోపు ఆరు వారాలవుతాయి.

తమ్ముడు: ఈ మాట నువ్వా అనేది? చెంచాడు ప్రసాదం పక్కామె చేతిలో పెట్టే మనిషివి.

అక్క: నేనే. రోజూ పెట్టాలి, ఒక్క రోజు కూడా తప్పొద్దు. నా ఇంట్లో పిండి లేదు, నీ ఇంట్లోనూ లేదు. గిర్నికి పోయి పట్టించుకొని రా. పట్టించేటప్పుడు ఇదేం పిండి అని అడగాల్సిన పనిలేదు, ఈ ఒక్కసారికి.

తమ్ముడు: నా చేత్తో ఎట్లా పెట్టాలి అక్కా?

అక్క: ఆర్మూర్ బస్టాండులో నీ నోట్లో పెట్టుకునేటప్పుడు ఆగని చెయ్యి, దాని నోట్లో పెట్టేటప్పుడు ఎందుకు ఆగుతోంది?

తమ్ముడు: పెట్టమని చెప్పేటప్పుడు నీ గొంతు ఎందుకు అట్లా పోయింది?